నర్సులే నడిపే వార్డు ప్రాజెక్టు: మొదటి రోజు నుంచి ఎలా చేయాలి

"ఏదో ఒక ప్రాజెక్టు చేసి చూపించమంటున్నారు సిస్టర్, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని ఒడిశా సరిహద్దులో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు పనిచేసే తెలుగు నర్సులు తరచూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే కంటే మొత్తం ఒకచోట రాస్తే నయమనిపించింది.

ఉదాహరణ ఒక్కటే తీసుకుంటాను: లేబర్ రూమ్‌లో పుట్టిన బిడ్డ చల్లబడకుండా చూడడం. మీ సమస్య వేరే కావచ్చు. పని వరుస మాత్రం ఇదే.

ప్రతి దశలోనూ ఒక ప్రశ్న వేసుకోండి. రాత్రి 2 గంటలు, డ్యూటీలో మీరొక్కరే, ఇద్దరు తల్లులకు ఒకేసారి నొప్పులు. అప్పుడు కూడా ఈ పని జరుగుతుందా? జరగదనిపిస్తే, కాగితం మీద ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి.

## 1. మొదలుపెట్టే ముందు

సూపరింటెండెంట్‌కో మెడికల్ ఆఫీసర్‌కో ఒక పేజీ కాగితం ఇచ్చి సంతకం తీసుకోండి. ఏం చేస్తారు, ఎన్ని వారాలు, ఏ లెక్కలు రాస్తారు, అంతే. నోటిమాట అనుమతి మీద నడవకండి. ఆ డాక్టర్‌గారికి బదిలీ అయితే మీ ప్రాజెక్టు కూడా ఆయనతోపాటే వెళ్లిపోతుంది.

మీ ఆసుపత్రిలో లక్ష్య (లేబర్ రూమ్ నాణ్యత కోసం కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం), ఎన్‌క్వాస్ (ఆసుపత్రుల జాతీయ నాణ్యతా ప్రమాణాలు) పనులు చూసే క్వాలిటీ టీమ్ ఉంటే వాళ్లకు చెప్పండి. లేబర్ రూమ్ కోసం లక్ష్య 2017 నుంచి ఉంది కాబట్టి అక్కడ ఇప్పటికే కొన్ని లెక్కలు రాస్తూ ఉంటారు. ఉన్న లెక్కనే వాడుకోండి, రెండోసారి రాయించొద్దు.

ఇది వార్డు పనిని బాగుచేసుకోవడం. కొత్త మందు ప్రయత్నించడం కాదు. ఎప్పటికైనా జర్నల్లో రాయాలనుకుంటే మాత్రం లెక్కలు మొదలుపెట్టకముందే ఎథిక్స్ కమిటీని అడగండి. అంతా అయ్యాక అడిగితే ఒప్పుకోరు.

చేతిలో ఉండాల్సినవి:

- పనిచేసే డిజిటల్ థర్మామీటర్లు రెండు, అదనపు బ్యాటరీలు
- గోడకు తగిలించే గది థర్మామీటర్ ఒకటి
- సెకన్ల ముల్లున్న గడియారం
- గళ్ల కాగితం, రెండు రంగుల పెన్నులు
- వారానికి 20 నిమిషాలు కూర్చోగలిగే ఒక సమయం

కంప్యూటర్ అక్కర్లేదు. ఉంటే మంచిదే, కానీ దాని కోసం ఆగొద్దు.

## 2. సమస్యను ఎంచుకోవడం

మూడు పరీక్షలు పెట్టండి.

ఒకటి, అది మన చేతిలో ఉండాలి. డాక్టర్ పోస్టు ఖాళీగా ఉండడం పెద్ద సమస్యే, కానీ మనం నింపలేం. బిడ్డను తుడవడం మన చేతిలో ఉంది.

రెండు, అది తరచూ జరగాలి. ఏడాదికి ఒకసారి వచ్చే ప్రమాదంలో మార్పు కనపడాలంటే ఏళ్లు పడుతుంది.

మూడు, ఫలితం ఆసుపత్రి గేటు దాటకముందే తెలియాలి. సరిహద్దులో పనిచేసేవాళ్లు దీన్ని మర్చిపోతే మునిగినట్టే. కాన్పయ్యాక చాలామంది పుట్టింటికి వెళ్తారు. పర్లాకిమిడిలో పురుడు పోసుకున్నామె పాతపట్నం వైపో, రాయగడలో పురుడు పోసుకున్నామె పార్వతీపురం వైపో వెళ్లిందంటే రాష్ట్రం మారింది, ఆశా కార్యకర్త మారింది, ఒక్కోసారి ఫోన్ నంబరు కూడా మారుతుంది. "ఆరు వారాల తర్వాత తల్లిపాలు ఎంతమంది ఇస్తున్నారు" అని పెట్టుకుంటే సగం గళ్లు ఖాళీగా మిగులుతాయి. "పుట్టిన గంటలోపు ఎంతమంది పాలు పట్టారు" అంటే మన కళ్లముందే తేలుతుంది.

పెద్ద సమస్యను ఇలా చిన్నది చేసుకోండి:

- "గర్భిణుల్లో రక్తహీనత తగ్గిస్తాం" వద్దు. "హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువున్న ప్రతి తల్లినీ అదే రోజు డాక్టర్ చూస్తారు" అనండి.
- "సికిల్ సెల్ రోగులకు మంచి వైద్యం" వద్దు. "నొప్పితో వచ్చిన సికిల్ సెల్ రోగికి మొదటి నొప్పి మందు ఎన్ని నిమిషాల్లో పడింది" అని లెక్కించండి.
- "ఇన్‌ఫెక్షన్లు తగ్గిస్తాం" వద్దు. "క్యానులా (సెలైన్ ఎక్కించే సన్నని గొట్టం) పెట్టిన చోట ఎర్రబడి వాచిన కేసులు" అనండి.

## 3. టీమ్

నలుగురి నుంచి ఆరుగురు చాలు. పగటి డ్యూటీ నర్సు ఒకరు, నైట్ డ్యూటీలో ఎక్కువగా ఉండే నర్సు ఒకరు, డాక్టర్ ఒకరు, ఆయా ఒకరు, స్టోర్ చూసే ఆయన. నడిపేది నర్సు. డాక్టర్‌గారు అడ్డంకులు తీసే మనిషి.

ఆయాను పేరుకు మాత్రం కూర్చోబెట్టకండి. బిడ్డను మొదట పట్టుకునేది, తుడిచేది, బయట ఉన్న బంధువులకు చూపించేది చాలాచోట్ల ఆమే. ఆమె నోరు విప్పాలంటే మీటింగ్‌లో మొదటి మాట ఆమెనే అడగాలి. డాక్టర్‌గారు మాట్లాడాక అడిగితే "అవునండీ" అని ఊరుకుంటుంది.

## 4. లక్ష్యం ఒక్క వాక్యంలో

ఎవరికి, ఏది, ఎంత, ఎప్పటికి. ఈ నాలుగూ వాక్యంలో ఉండాలి.

మచ్చుకి: "మా లేబర్ రూమ్‌లో సాధారణ కాన్పులో పుట్టిన బిడ్డల్లో, పుట్టిన గంటకు 36.5 డిగ్రీల కంటే చల్లగా ఉన్నవాళ్ల సంఖ్యను 8 వారాల్లో సగానికి తగ్గిస్తాం."

ఎలా చేస్తారో ఇందులో రాయకండి. "వార్మర్లు (బిడ్డను వెచ్చగా ఉంచే యంత్రాలు) కొని తగ్గిస్తాం" అని రాస్తే కారణం వెతక్కముందే మందు రాసినట్టు.

సున్నాకు తెస్తామని కూడా రాయకండి. అలా రాసినచోట సిబ్బంది అంకెలు దిద్దడం మొదలుపెడతారు.

## 5. లెక్క: ఇక్కడ తొందర వద్దు

ఏ మార్పూ చేయకముందు రెండు మూడు వారాలు ఉన్నది ఉన్నట్టు రాయండి.

బిడ్డ ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే మామూలు. 36.0 నుంచి 36.4 వరకు చలి తగిలినట్టు. 32.0 నుంచి 35.9 వరకు ఒక మోస్తరు ప్రమాదం. 32 కంటే తక్కువ అయితే తీవ్రం. మీ థర్మామీటర్ ఫారన్‌హీట్‌లో చూపిస్తే 97.7 అంటే 36.5, 99.5 అంటే 37.5. ఈ నాలుగు అంకెలు థర్మామీటర్ పెట్టే డబ్బా మీదే అంటించండి. రాత్రిపూట ఎవరూ లెక్క కట్టరు.

కొలిచే పద్ధతి అందరిదీ ఒకటే ఉండాలి:

- చంకలోనే పెట్టాలి. చంక తడిగా ఉంటే ముందు తుడవాలి.
- చేతిని ఒంటికి ఆనించి పట్టుకుని, బీప్ వచ్చేదాకా ఆగాలి.
- పుట్టిన 60వ నిమిషాన. పది నిమిషాలు అటూ ఇటూ అయితే ఫర్వాలేదు.
- గది వేడి కూడా పక్కనే రాయాలి.
- పాదరసం థర్మామీటర్ వద్దు. 35 కంటే కిందికి అది చూపించదు, బాగా చల్లబడిన బిడ్డ తెలియకుండా పోతుంది.

గది వేడి ఎందుకంటే, డిసెంబరు, జనవరిల్లో కొండ ఊళ్ల చలి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. జనవరిలో పాత లెక్క తీసి, ఫిబ్రవరిలో మార్పు పెట్టి, ఏప్రిల్‌లో "చూశారా, బిడ్డలు వెచ్చగా ఉన్నారు" అంటే ఆ ఘనత ఎండది. గది వేడి రాసి ఉంటే ఈ మోసం మనకే తెలుస్తుంది. లేబర్ రూమ్ 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి.

మూడు రకాల లెక్కలు పెట్టుకోండి. అంతకు మించి వద్దు.

- ఫలితం: గంటకు 36.5 కంటే తక్కువ ఉన్న బిడ్డలు.
- పని: పుట్టగానే తల్లి ఛాతీ మీద వేసి, గంటసేపు తీయకుండా ఉంచిన బిడ్డలు.
- నష్టం: 37.5 దాటిన బిడ్డలు. ఒక మూల సరిచేస్తూ ఇంకో మూల చెడగొట్టడం లేదని తెలియాలి కదా.

నేను మొదటిసారి చేసినప్పుడు పద్నాలుగు గళ్ల ఫారం తయారుచేశాను. రంగుల గీతలతో చూడముచ్చటగా ఉండేది. మూడో వారానికి సగం గళ్లు ఖాళీ. నాలుగో వారంలో అన్నీ నిండాయి, కానీ వరసగా ప్రతి బిడ్డకూ 36.6. ఎవర్నీ తిట్టలేదు, తప్పు ఫారానిది, అంటే నాది. ఇప్పుడు కాన్పు రిజిస్టర్‌లోనే చివర మూడు గళ్లు గీసుకోమంటాను: గంటకు వేడి, గది వేడి, ఛాతీ మీద గంట అవును/కాదు.

అన్నీ ఒకే అంకె ఉన్నాయా? అన్నీ .5తోనో .0తోనో ముగుస్తున్నాయా? అలా ఉంటే కొలవకుండా రాస్తున్నారని అర్థం. రోజూ ఒక బిడ్డను ఇంకొకరు మళ్లీ కొలిచి సరిచూడండి.

తల్లి పేరు, ఊరు మీ ప్రాజెక్టు కాగితంలోకి రాకూడదు. వరస సంఖ్య చాలు. ఆ కాగితాన్ని వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టడం అసలు వద్దు.

## 6. కారణం వెతకడం

మీటింగ్ పెట్టి "ఎందుకు చల్లబడుతున్నారు?" అంటే అందరూ "వార్మర్ లేదు, హీటర్ లేదు" అంటారు. అందుకే ముందు మూలన నిలబడి ఐదు కాన్పులు చూడండి, అందులో రెండు రాత్రివి. చేతిలో గడియారం, నోట్లో మాట లేకుండా.

బిడ్డ బయటికొచ్చిన క్షణం నుంచి వార్డుకు చేరేదాకా ప్రతి అడుగూ నిమిషాలతో రాయండి. తుడిచింది ఎప్పుడు? తడి గుడ్డ తీసేశారా, దానితోనే చుట్టారా? ఫ్యాన్ తిరుగుతోందా? చల్లని తూకం పళ్లెం మీద ఒట్టి ఒంటితో ఎంతసేపు? బంధువులకు చూపించడానికి ఎంతసేపు?

తర్వాత "ఎందుకు" అని వరసగా అడగండి:

బిడ్డ చల్లబడింది. ఎందుకు? తడి గుడ్డలోనే ఉంది. ఎందుకు? రెండో గుడ్డ లేదు. ఎందుకు? అల్మరాలో ఉంది. ఎందుకు తీయలేదు? తాళం. తాళంచెవి? పగటి ఇన్‌చార్జి దగ్గర.

ఒక ఆసుపత్రిలో సరిగ్గా ఇదే జరిగింది. వార్మర్ కోసం రాసిన ఉత్తరం ఇంకా ఏదో బల్ల మీద ఉండగానే, తాళంచెవి సంగతి ఒక్క పూటలో తేలిపోయింది.

## 7. మార్పును చిన్నగా పరీక్షించడం

దీన్ని పీడీఎస్ఏ (ప్లాన్, డూ, స్టడీ, యాక్ట్) అంటారు. అనుకో, చేయి, చూడు, నిర్ణయించు. నాలుగు మాటలూ మీకు తెలిసినవే. కష్టమంతా ఎంత చిన్నగా చేయాలన్న దగ్గరే.

మొదటి పరీక్ష ఒక్క తల్లితో, ఒక్క డ్యూటీలో. మొత్తం వార్డుకు సర్క్యులర్ ఇచ్చి మొదలుపెట్టొద్దు. చెడితే మొత్తం వార్డులో చెడుతుంది, రెండోసారి మీ మాట ఎవరూ వినరు.

మన ఉదాహరణ ఇలా నడవొచ్చు.

మొదటి పరీక్ష: ఒక రాత్రి, ఒక తల్లి. రెండు పొడి గుడ్డలు ముందే డెలివరీ ట్రేలో పెట్టాలి. ఒకదానితో తుడిచి అది తీసేయాలి, బిడ్డను తల్లి ఛాతీ మీద వేసి రెండోది పైన కప్పాలి. చూస్తే గుడ్డలు బాగానే ఉన్నాయి, టోపీ మర్చిపోయాం.

రెండో పరీక్ష: రెండు గుడ్డలు, టోపీ, సాక్సులు కలిపి ఒకే మూట. ముగ్గురు తల్లులు. ఈసారి చుట్టడం బాగుంది, కానీ తూకం కోసం పది నిమిషాలకే బిడ్డను తీసేశారు. ఎందుకు? రిజిస్టర్‌లో బరువు రాయాలి, బయట వాళ్లు "ఎన్ని కిలోలు?" అని అడుగుతున్నారు.

మూడో పరీక్ష: బిడ్డ బాగుంటే తూకం గంట తర్వాత. విటమిన్ కె ఇంజెక్షన్ కూడా అప్పుడే. తూకం పళ్లెం మీద గుడ్డ పరిచి సున్నా చేసుకోవాలి. బరువు తర్వాత చెబుతామని బంధువులకు కాన్పుకు ముందే చెప్పాలి.

నాలుగో పరీక్ష: ఇదే పని ఇద్దరు తల్లులు ఒకేసారి ఉన్న రాత్రి. ఇక్కడ తేలని మార్పును వార్డంతా పెట్టొద్దు.

బిడ్డ ఏడవకపోతే, ఊపిరి తీసుకోకపోతే ప్రాజెక్టు మాట మర్చిపోయి వెంటనే న్యూబార్న్ కార్నర్‌కు (లేబర్ రూమ్‌లో బిడ్డను చూసుకునే మూల) తీసుకెళ్లి ఊపిరి అందించాలి. ఛాతీ మీద ఉన్న బిడ్డ ముక్కు, నోరు కనపడుతున్నాయా, రంగు బాగుందా, తల్లికి రక్తస్రావం ఎంత అన్నది ఆ గంటంతా చూస్తూనే ఉండాలి. కప్పేశాం కదా అని వదిలేసి పోకూడదు.

ప్రతి పరీక్షకూ నాలుగు గీతలు రాసిపెట్టండి: ఏం జరుగుతుందనుకున్నాం, ఏం జరిగింది, ఏం ఆశ్చర్యపరిచింది, రేపు ఏం మారుస్తాం. మూడోది చాలామంది వదిలేస్తారు. నాకైతే పనికొచ్చిందంతా అందులోనే దొరికింది.

## 8. గ్రాఫ్ గీయడం

అడ్డంగా వారాలు, నిలువుగా చల్లబడిన బిడ్డల శాతం. ప్రతి వారానికి ఒక చుక్క, చుక్కలు కలుపుతూ గీత. పాత వారాల అంకెలను చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా పేర్చి, నడిమి అంకె దగ్గర అడ్డగీత గీయండి. మార్పు పెట్టిన రోజున బాణం గుర్తు.

ఒక చుక్క కిందికి దిగగానే మిఠాయిలు పంచకండి. వరసగా 6 లేదా అంతకంటే ఎక్కువ చుక్కలు అడ్డగీతకు ఒకే వైపు పడితే నిజంగా మార్పు వచ్చిందని లెక్క. సరిగ్గా గీత మీదే పడ్డ చుక్కను లెక్కలోకి తీసుకోవద్దు. వరసగా 5 చుక్కలు దిగుతూనే పోయినా, ఎక్కుతూనే పోయినా అదీ గుర్తే.

చిన్న సీహెచ్‌సీలో (సామాజిక ఆరోగ్య కేంద్రంలో) వారానికి ఐదారు కాన్పులే అయితే వారం శాతం వేయొద్దు. ఐదుగురిలో ఒక్కరు చల్లబడితే 20 శాతం, ఇద్దరైతే 40. గీత కోతిలా గెంతుతుంది. పది మంది బిడ్డలకు ఒక చుక్క పెట్టండి. ఎన్ని రోజులు పడితే అన్ని రోజులు.

గ్రాఫ్ ఆఫీసు ఫైల్లో కాదు, నర్సులు టీ తాగే చోట గోడకు ఉండాలి. ఫలానా వాళ్ల డ్యూటీలో ఎక్కువ అని పేర్లు రాస్తే మరుసటి వారం నుంచి అందరికీ 36.6 వస్తుంది.

## 9. భాష సంగతి

మన దగ్గర ఒకే మంచం చుట్టూ మూడు భాషలుంటాయి. నర్సు ఒడియా, అత్తగారు తెలుగు, తల్లి సవరో కువియో (ఇక్కడి గిరిజన భాషలు). "చెప్పాం సిస్టర్, వినలేదు" అన్నచోట చాలాసార్లు అసలు అర్థమే కాలేదు.

ఒకసారి బిడ్డ పాదాలు చల్లగా ఉన్నాయని "పిలా గొడొ థండా" అని ఒడియాలో (గొడొ అంటే పాదం) చెబితే, తెలుగు మామ్మగారు గోడ చల్లగా ఉందనుకుని మంచాన్ని గోడకు దూరంగా జరిపించారు. జరిపినందుకు నష్టం లేదు కానీ, సాక్సులు మాత్రం వేయలేదు.

పోస్టర్ అంటించి పని అయిపోయిందనుకోవద్దు. మూడు పనులు చేయండి:

- నాలుగు చిన్న వాక్యాలు అనుకోండి: తుడిచి గుడ్డ మార్చాలి, ఛాతీ మీద ఉంచాలి, తల కప్పాలి, ఒక రోజు గడిచేదాకా స్నానం వద్దు. ఒడియా, తెలుగు మన సిబ్బందే చెప్పగలరు. సవర, కువి మాటలు ఆ ఊరి ఆశా కార్యకర్తతో చెప్పించి మన నోటికి పట్టించుకోండి.
- చెప్పాక "అర్థమైందా?" అని అడగొద్దు, అందరూ తలూపుతారు. "ఎలా చుడతారో ఒకసారి చూపించమ్మా" అనండి.
- చెప్పాల్సిన మనిషికి చెప్పండి. నీళ్లు పోయాలా వద్దా అన్నది తేల్చేది తల్లి కాదు, అత్తగారో అమ్మమ్మో. "మామ్మగారూ, రేపటిదాకా ఆగుదాం, బిడ్డకు చలి పట్టకుండా మీరే చూడాలి" అని పని ఆమె చేతిలో పెడితే ఆమే కాపలా కాస్తారు. తప్పు పట్టినట్టు మాట్లాడితే, మనం అటు తిరగగానే నీళ్లు కాగుతాయి.

## 10. చెడిపోయే చోట్లు, సరిచేసుకునే దారులు

అంకెలు ఉన్నట్టుండి బాగుపడ్డాయి. ముందు థర్మామీటర్ మారిందేమో చూడండి. తర్వాత గది వేడి గడి.

మూట మధ్యలో అయిపోయింది. ఉతకడానికి వెళ్లినవి తిరిగి రాలేదన్నమాట. వారం కాన్పుల సంఖ్యకు ఒకటిన్నర రెట్లు మూటలు ఉండాలి. శనివారం సాయంత్రం లెక్కపెట్టే పని ఒకరికి అప్పగించండి.

నైట్ డ్యూటీ వాళ్లు చేయడం లేదు. అడగండి, కోప్పడకండి. వాళ్లు చెప్పే కారణమే మీ తర్వాతి పరీక్ష.

ఒకేసారి నాలుగు మార్పులు పెట్టేశాం. ఏది పనిచేసిందో ఇక తెలియదు. రెండు ఆపి, రెండు వారాలు చూడండి.

అధికారులు వచ్చే రోజు బాగుంటోంది. ఆ రోజుల చుక్కలకు వేరే రంగు వేయండి. అంతే, ఎక్కువ చర్చ వద్దు.

## 11. ప్రాజెక్టు అయ్యాక నిలబెట్టుకోవడం

8 వారాలయ్యాక రోజూ లెక్క ఆపేయొచ్చు. పని ఆగకుండా ఉండాలంటే అది మనుషుల జ్ఞాపకం మీద కాకుండా వస్తువుల మీద నిలబడాలి.

- మూట లేకపోతే డెలివరీ ట్రే పూర్తికానట్టే. ట్రే లిస్టులో రాయించండి.
- గుడ్డలు, టోపీలు స్టోర్ ఇండెంట్‌లో ప్రతినెలా పడాలి.
- అల్మరా తాళంచెవి డ్యూటీ నర్సు చేతి నుంచి చేతికి మారాలి. డ్యూటీ అప్పగింత పుస్తకంలో దానికి ఒక గడి.
- కొత్తగా చేరిన నర్సుకు మొదటి వారంలోనే ఆయా పక్కన నిలబడి ఒక కాన్పు చూపించాలి.
- ప్రతినెలా ఒక పది మంది బిడ్డల వేడి, అందులో కనీసం నలుగురు రాత్రి పుట్టినవాళ్లు.

ఆ పది మందిలో చల్లబడినవాళ్లు వరసగా రెండు నెలలు పెరిగితే కొత్త సర్క్యులర్ రాయకండి. గడియారం పట్టుకుని మళ్లీ ఆరో మెట్టు దగ్గరికి, ఆ మూలన నిలబడడానికే వెళ్లండి. ముందు తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి.